అరగంట అప్పు

ఫ్యాను తిరుగుతోంది,
పచ్చదీపం వెలుగుతోంది,
తెర మాత్రం కడిగి ఆరబెట్టిన పలక.

"రెండువేల రెండొందలక్కా,
మీ పాతదానికి ఆరొందలు తగ్గించా"
అని రిచీ స్ట్రీట్‌లో నిజాముద్దీన్
ఎవరో వాడి వదిలిన ప్రాసెసర్‌ని
మాత్రల అట్టలాంటి డబ్బాలో పెట్టిచ్చాడు నిన్న.

చూళైమేడులో నా దుకాణం ఆరడుగుల వెడల్పు.
పెళ్లిపత్రికలు, తెలుగు, తమిళం.
జిరాక్సు రెండు రూపాయలు.
కోదండపాణిగారి కూతురి పత్రిక
రేపు పొద్దున్నకి నాలుగొందల కాపీలు కావాలి.

విప్పాను.
రెండు ర్యాముల్లో ఒకటి తీసేశాను.
ఉన్నదాన్ని ఈ గాడిలోంచి ఆ గాడికి మార్చాను.
దాని బంగారు పళ్లు రబ్బరుతో తోమాను.
రూపాయి బిళ్లంత బ్యాటరీ ఊడదీసి
టీ చల్లారేదాకా కూర్చుని మళ్లీ పెట్టాను.
నలుపే.

పక్క సెలూన్ మునియాండి తొంగిచూసి
"ఒక దెబ్బ వేసి చూడక్కా" అన్నాడు.
వేశాను కూడా, ఎవరూ చూడనప్పుడు.

ప్రాసెసర్‌ని వెల్లకిలా తిప్పితే
పదమూడొందల ముప్పైయొక్క కాళ్లట దానికి.
మూలన ఒక కాలు వంగి
పక్కదాని మీద ఒరిగి ఉంది.
ములుకు అయిపోయిన పెన్సిల్ గొట్టం తొడిగి
ఊపిరి బిగబట్టి లేపాను.
చిన్నప్పుడు నా చెవి కుట్టిన చోట
వేపపుల్ల మార్చే అమ్మ చేతులు ఇలాగే వణికేవి.
కాలు నిలబడింది.
తెర లేవలేదు.

బోర్డు మీద ఆవగింజంత ఎర్రదీపం,
దాని పక్కన చీటీ, చీటీ మీద సంవత్సరం.
కళ్లజోడు పైకి తోసి చదివాక తెలిసింది:
ఈ బోర్డు చదువు ఆపేసిన రెండేళ్లకి
ఆ ప్రాసెసర్ పుట్టింది.
పేరు తెలియనివాణ్ణి గడప దాటనివ్వడం లేదు.
పేరు నేర్పాలంటే మిషను నడవాలి,
మిషను నడవాలంటే పేరు తెలియాలి.
పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు,
పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు.

నడిపేది ఒక్కటే ఉంది.
దాన్ని ఆరొందలకి ఇచ్చేశాను.

కేబినెట్ ఒళ్లో పెట్టుకుని
షేర్ ఆటోలో చింతాద్రిపేట దాకా.
పక్కావిడ "బిడ్డకి ఒంట్లో బాలేదా" అని నవ్వింది.

నిజాముద్దీన్ ట్రేలో ఇరవై ఉన్నాయి.
నాదాన్ని గుర్తుపట్టాను,
పేస్టు గీకుతుంటే బ్లేడు జారిన గీత.
"ఐదున్నరకి తిరువొత్తియూర్ పిల్లోడొస్తాడు,
అడ్వాన్సిచ్చాడు. అరగంటేనక్కా."

పాతది కూర్చోగానే
తెర ఏమీ జరగనట్టు వెలిగింది.
పెన్‌డ్రైవ్ గుచ్చాను.
నీలం గీత పాకడం మొదలుపెట్టింది.
ఇప్పుడు కరెంటు పోతే బోర్డు కూడా పోతుంది.
ఒక్క బాక్సుకి పన్నెండు ప్లగ్గులు,
బయట అప్పుడే చినుకులు.
"డ్రిల్లు ఆపరా, రెండు నిమిషాలు ఆపరా"
నిజాముద్దీన్ సందంతా వినపడేలా అరిచాడు.
నేను గీతనే చూస్తున్నాను, ఎనభై, ఎనభై ఒకటి,
అక్కడే చాలాసేపు ఎనభై ఒకటి.

నూరైంది.
పాతదాన్ని తీశాను. వేడిగా ఉంది.
కొత్తదాన్ని దించి మీట నొక్కితే
ఈసారి బోర్డు దాని పేరు తప్పులేకుండా చదివింది.

దూదితో పాతదాని వీపు తుడుస్తుంటే
పిల్లోడు వచ్చేశాడు, తడిసిన చొక్కాతో.
"ఏడేళ్లు వాడాను బాబూ, మొరాయించలేదు"
అన్నాను, ఎవరూ అడక్కుండానే.
వాడు నిజాముద్దీన్ వైపు చూశాడు.
"ఎంతివ్వాలి?" అంటే
"టీ చెప్పండక్కా, మూడు."

రాత్రి పెళ్లికొడుకు పేరులో తప్పిన ఒత్తు
సరిచేసి సేవ్ చేశాను.
బ్యాటరీ తీశాక గడియారం సరిచేయడం మరిచాను.
ఆ పత్రిక ఇప్పటికీ నా మిషన్‌లో
రెండువేల పంతొమ్మిది జనవరి ఒకటి,
అర్ధరాత్రి దాటి నలభై నిమిషాలకి
తయారైనట్టే ఉంది.
పెళ్లి మాత్రం మొన్న శుక్రవారం జరిగింది.
పులిహోర పంపించారు.